బడితోటకు ఎండాకాలం నీళ్లు పోసేదెవరు?

విదేశీ ఇంటర్న్‌షిప్ అనగానే ఒకప్పుడు వరంగల్ పిల్లలకు సాఫ్ట్‌వేర్ కంపెనీయో యూనివర్సిటీ ల్యాబో గుర్తొచ్చేది. ఇప్పుడు వ్యవసాయ డిగ్రీ చదువుతున్నవాళ్లు, బీఈడీ పూర్తిచేసినవాళ్లు, ఇంజనీరింగ్ చదువుతూనే మనసు మట్టివైపు మళ్లినవాళ్లు మరో దారి గురించి ఆరా తీస్తున్నారు. ఆఫ్రికాలోనో, ఆగ్నేయాసియాలోనో, ఆస్ట్రేలియాలోనో బడిపిల్లలకు పర్మాకల్చర్ (అడవి పద్ధతిలో సాగును అమర్చుకునే విద్య) నేర్పే ప్రాజెక్టులో చేరి, కొన్ని నెలలు అక్కడే ఉండి పనిచేయాలని వాళ్ల కోరిక. మంచి కోరిక. వీలున్నవాళ్లు వెళ్లాలి కూడా. అయితే ఏం నేర్చుకోవడానికి వెళ్తున్నారో బయల్దేరకముందే తేల్చుకోవాలి. బడితోట ఎలా వేయాలో చెప్పే జ్ఞానానికి తెలుగు నేలమీద కరువు లేదు. వేసిన తోటను ఏడాది పొడుగునా కనిపెట్టుకుని ఉండే మనిషి లేకనే మన బడితోటలు ఎండిపోతున్నాయి. ఆ మనిషిని వేరే దేశాల బడులు ఎలా నిలుపుకున్నాయో చూసి వస్తే ఆ ప్రయాణం మన పిల్లలకు పనికొస్తుంది.

వరంగల్‌లోని కాశిబుగ్గనే తీసుకుందాం. చౌరస్తాకు కాస్త దూరంలోనే ఎనుమాముల మార్కెట్. ఆసియాలోనే పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఒకటని దానికి పేరు. పత్తి సీజన్‌లోనూ, ఆ వెనుకే వచ్చే మిర్చి సీజన్‌లోనూ తెల్లవారకముందే ట్రాలీలు, డీసీఎంలు ఈ దారుల్లో బారులు తీరుతాయి. మిర్చి ఘాటుకు పిల్లలు ముక్కు మూసుకుని బడికి నడుస్తారు. ఇంత పంటను ఇంత దగ్గరగా చూసే పట్నం పిల్లలు దేశంలో చాలా తక్కువ. కానీ వాళ్లు చూసేదంతా బస్తాలకెక్కిన పంట. గింజ మొలకెత్తడం, పూత రావడం, పురుగు పట్టడం వాళ్ల కళ్లముందు జరగవు. ఈ వాడల్లోని చాలా కుటుంబాలు ఒక తరం కిందట ఊళ్లలో వ్యవసాయం చేసినవే. 1997-98లో పాత వరంగల్ జిల్లాలో పత్తి పురుగు తెగబడి, పురుగుమందుల అప్పులు మెడకు చుట్టుకుని రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులు ఆ ఇళ్లలో పెద్దలకు ఇప్పటికీ గుర్తే. ఆ జ్ఞాపకానికీ పిల్లల చదువుకూ మధ్య లంకె తెగిపోయింది. బడితోట మీద నాకున్న ఆశకు కారణం అదే. బడి ఆవరణలో పది సాళ్లు వేస్తే ఆ తెగిన చోట మళ్లీ ముడిపడుతుంది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఈ ప్రాంతంలోని ఏదైనా సర్కారు ప్రాథమిక బడిలోకి వెళ్లి నిలబడితే ఇంచుమించు ఒకే దృశ్యం కనిపిస్తుంది. వంట షెడ్డు దగ్గర బియ్యం కడిగిన నీళ్లు సిమెంటు కాలువలో పడి వీధి మోరీలో కలుస్తుంటాయి. పిల్లలు వరుసలో నిలబడి నల్లా కింద పళ్లేలు కడుగుతారు. ఆ నీళ్లూ అటే పోతాయి. సోరకాయ తొక్కలు, టమాట తొడిమలు, కొత్తిమీర కాడలు ఒక మూలన కుప్పగా పడి మున్సిపల్ బండి కోసం చూస్తుంటాయి. ఆవరణలో సగం సిమెంటు, మిగతా సగం ఇటుక ముక్కలు, కంకర కలిసిన దుబ్బ. తెలంగాణ ప్రభుత్వ హరితహారం కార్యక్రమంలో నాటిన మొక్కల్లో ఒక కానుగో వేపో నిలిచింది. తక్కినచోట ట్రీగార్డులే మిగిలాయి. పర్మాకల్చర్ చదివిన కంటికి ఇదే ఆవరణలో నీళ్లు, ఎరువు, నీడ, పని నేర్చుకునే చేతులు అన్నీ ఉన్నట్టు కనిపిస్తాయి. వాటిని ఒకదానికొకటి కలపాలి. వంట షెడ్డు పక్కన రెండు మీటర్ల వెడల్పు, మీటరు లోతు గుంత తవ్వి, ఆకులు, తొక్కలు, కొబ్బరి పీచు నింపి, చుట్టూ గట్టుమీద అరటి పిలకలు, మధ్య మధ్య బొప్పాయి, చేమ నాటి, బియ్యం కడిగిన నీళ్లను అందులోకి మళ్లిస్తే చాలు. అరటి గుంత అనే ఈ ఏర్పాటు ప్రపంచంలో ఎక్కడ పర్మాకల్చర్ నేర్పినా మొదటి పాఠాల్లో ఉంటుంది. పిల్లలు రోజూ చేసే పని నుంచే పండు ఎలా వస్తుందో ఏ పాఠ్యపుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొత్తవాడ, కాశిబుగ్గ వైపు మగ్గాలున్న వీధుల్లో నూలుకు రంగులద్దిన నీళ్లు మోరీల్లోకి వస్తాయి. బడి వంటింటి నీళ్లు వేరు, వీధి మోరీ నీళ్లు వేరు. రెండోవాటిని ఏ ఉత్సాహంలోనూ తోటకు మళ్లించకూడదు. నేల ఎలాంటిదో తెలియని పట్నపు బడిలో మట్టి పరీక్ష తర్వాతే ఆకుకూర వేయాలి. విదేశీ చేతిపుస్తకాల్లో ఈ సంగతి సాధారణ సూచనగా ఉంటుంది. కాశిబుగ్గలో ఏ గల్లీ నుంచి ఏ నీళ్లు వస్తాయన్నది ఇక్కడ నివసించేవాళ్లకే తెలుస్తుంది.

పర్మాకల్చర్ ఆస్ట్రేలియాలో పేరు పెట్టుకున్న విద్య. బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ టాస్మేనియాలో మొదలుపెట్టి 1978లో తొలి పుస్తకం వెలువరించారు. అడవి తనను తాను ఎలా నిలుపుకుంటుందో చూసి, అదే పద్ధతిలో ఇల్లు, పొలం, ఊరు అమర్చుకోవాలన్నది దాని సారం. 1980ల ద్వితీయార్ధంలో మాలిసన్ మన దేశం వచ్చి నేర్పినప్పుడు ఆ విత్తనం బలంగా నాటుకున్న చోట్లలో తెలంగాణ ఒకటి. అప్పటికే, 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దళిత మహిళా సంఘాలతో బీడు భూములను సాగులోకి తెస్తోంది. కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు ఆ తొలినాళ్ల నుంచి ఈ పనిలో ఉన్నారు. వాళ్లు 1999లో స్థాపించిన అరణ్య సంస్థ బిడకన్నె గ్రామంలోని క్షేత్రంలో దేశదేశాల వారికి శిక్షణ ఇస్తోంది. 2017 నవంబరులో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమ్మేళనం హైదరాబాద్‌లో, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో జరిగింది. అంటే ప్రపంచం ఈ విద్య కోసం మన గడపకు వచ్చి వెళ్లింది. వరంగల్ నుంచి జహీరాబాద్ ఒక పగటి ప్రయాణం.

బడుల సంగతికొస్తే మాచునూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నడిపిన పచ్చసాలెను చెప్పుకోవాలి. చదువు మానేసి కూలికి పోయే పేదింటి పిల్లల కోసం 1990ల్లో మొదలైన బడి అది. తెలుగు, లెక్కలతోపాటు సాగు, పశువైద్యం, వడ్రంగం, కుట్టుపని వంటివి పాఠాల్లో భాగంగా నేర్పారు. పిల్లలకు తోట నేర్పడానికి బయటి నిపుణుల కోసం ఎదురుచూడాల్సిన పని అక్కడ లేకపోయింది. విత్తనం దాచడం తెలిసిన తల్లులు, అమ్మమ్మలు చుట్టూ ఉన్నారు. ఈత బుట్టకు లోపల బయట పేడ అలికి, ఆరాక గింజ పోసి, వేపాకు, బూడిద కలిపి, పైన మళ్లీ మట్టితో మూసి దాచే పద్ధతి వాళ్లది. ఒకే చెలకలో జొన్న, కంది, కొర్ర, పెసర, అనుములు, నువ్వులు కలిపి విత్తే పద్ధతీ వాళ్లదే. ఆ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. దాని సారథి పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. విదేశీ ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు పెట్టే మన విద్యార్థుల్లో ఆయన పేరు విన్నవారు ఎందరుంటారో అనిపిస్తుంది. తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. మన కాలేజీల్లో చెప్పేవాళ్లు లేరు.

మరి విదేశాలకు ఎందుకు వెళ్లాలి? కొన్ని దేశాలు బడితోటను మనకన్నా ముందుకు, ప్రభుత్వ వ్యవస్థ లోపలికి తీసుకెళ్లాయి కాబట్టి.

తూర్పు తిమోర్ ఉదాహరణ నన్ను బాగా ఆకట్టుకుంది. 1999 విధ్వంసం తర్వాత శిథిలాల్లోంచి లేచి 2002లో స్వతంత్రమైన చిన్న దేశం. ఎగో లెమోస్ అనే పాటగాడు పర్మాకల్చర్ నేర్చుకుని, పర్మాటిల్ అనే సంస్థ పెట్టి, రైతుల దగ్గరికీ యువత దగ్గరికీ తీసుకెళ్లాడు. ఊరూరా శిబిరాలు పెట్టి, పాటలు కట్టి, వాననీటి గుంతలు తవ్వించి, ఎండిన ఊటలను మళ్లీ పొంగించాడు. బడితోటను ప్రాథమిక విద్యలో భాగం చేయడానికి ప్రభుత్వంతో కలిసి పనిచేశాడు. ఆ కృషికి 2023లో రామన్ మెగసెసే పురస్కారం దక్కింది. తిమోర్‌లోనూ మనకులాగే కొన్ని నెలల వాన, తర్వాత సుదీర్ఘమైన ఎండ. వాళ్లు ఉష్ణమండలం కోసం తయారుచేసిన చేతిపుస్తకం యూరప్ తోటల గురించి రాసిన పుస్తకాలకన్నా మన చెలకకు దగ్గరగా ఉంటుంది.

ఆఫ్రికాలో జింబాబ్వే 1990ల్లో విద్యాశాఖతో కలిసి బడులు, కళాశాలల పర్మాకల్చర్ కార్యక్రమం మొదలుపెట్టింది. స్కోప్ అనే ఆ కార్యక్రమం తర్వాత మలావీ, జాంబియా, కెన్యా, ఉగాండాలకు పాకింది. వాళ్లు బడిలో అడుగుపెట్టగానే పలుగు, పార పట్టరు. ముందు హెడ్‌మాస్టరు, టీచర్లు, తల్లిదండ్రులు, ఊరిపెద్దలు, పిల్లలు కలిసి కూర్చుని బడి ఆవరణ పటం గీస్తారు. వాననీరు ఎటు పారుతోంది, గాలి ఎటునుంచి వస్తోంది, మేకలు ఏ కంతలోంచి దూరుతున్నాయి, సెలవుల్లో ఎవరు వస్తారు అన్నీ ఆ పటం మీదికి ఎక్కుతాయి. అయిదేళ్ల తర్వాత బడి ఎలా ఉండాలో మరో పటం గీస్తారు. ఆ తర్వాతే తవ్వకం. ఇలా చేస్తే మొదటి ఏడాది చూపించుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. అందుకే ప్రాజెక్టు డబ్బు తొందరపెట్టే చోట ఈ పద్ధతి నిలవదు. ఇంటర్న్‌గా వెళ్లిన మన విద్యార్థి ఆ తొలి సమావేశాల్లో భాష రాకున్నా ఓపికగా కూర్చోగలిగితే, అరటి గుంత తవ్వడంకన్నా ఎక్కువ నేర్చుకుంటాడు.

మలావీకి 1997లో అమెరికా పీస్ కోర్ వాలంటీర్లుగా వెళ్లిన క్రిస్టాఫ్, స్టేసియా నార్డిన్ దంపతులు అక్కడే స్థిరపడ్డారు. దేశమంతా మొక్కజొన్న ఒక్కదాన్నే నమ్ముకుని ఆకలి నెలలు చూస్తుంటే, తమ ఇంటి చుట్టూనే వందల రకాల తిండి మొక్కలు పెంచి చూపించారు. ఇంటర్న్‌లను చేర్చుకుని నేర్పారు. బయటివాళ్లు వచ్చి నేర్పిన కథల్లో ఇది నిలిచిందంటే వాళ్లు వెళ్లిపోలేదు గనుక నిలిచింది.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లోని కాలింగ్‌వుడ్ కాలేజీ బడిలో 2001లో వంటల పుస్తకాల రచయిత్రి స్టెఫనీ అలెగ్జాండర్ మొదలుపెట్టిన బడితోట-వంటిల్లు కార్యక్రమం మరో పాఠం చెబుతుంది. అక్కడ టీచర్లను ఖాళీ సమయంలో తోట చూడమనలేదు. తోటకు ఒక మనిషిని, వంటకు ఒక మనిషిని విడిగా జీతమిచ్చి పెట్టారు. అమెరికాలో బర్కిలీ బడిలో 1995లో ఆలిస్ వాటర్స్ నాటిన తోట ఇన్నేళ్లు నిలవడం వెనుకా అదే కారణం: అక్కడ పని చేయడమే ఉద్యోగంగా ఉన్న మనుషులు. ధనిక దేశాలు చేయగలవు, మనవల్ల ఏమవుతుంది అనేవారికి ఆంధ్రప్రదేశ్‌లో జవాబు ఉంది. 2016లో మొదలైన అక్కడి ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారం వచ్చింది. ఆ కార్యక్రమానికి వెన్నెముక ఎవరంటే, తన పొలంలో చేసి చూపించి, గౌరవ వేతనం తీసుకుని, తోటి రైతుల వెంట ఏళ్ల తరబడి తిరిగే ఊరి మనిషి. డ్వాక్రా సంఘాల మహిళలు ఆ పనిలో ముందున్నారు. పొలానికి పనికొచ్చిన ఈ పద్ధతి బడికి పనికిరాకపోవడానికి నాకు కారణం కనిపించదు.

ఇప్పుడు ఇంటర్న్ వైపు నుంచి చూద్దాం. మూడు నెలలో ఆరు నెలలో ఉండి వచ్చేవాడికి ఏ బడితోటా పూర్తిగా అర్థం కాదు. నాటినప్పుడు ఉంటే కోతకు ఉండడు. వానాకాలం చూస్తే ఎండాకాలం చూడడు. అతను వెళ్లేసరికి పిల్లలు అలవాటుపడి, మళ్లీ కొత్త ముఖానికి అలవాటుపడాల్సి వస్తుంది. కొన్ని సంస్థలు ఇంటర్న్ నుంచే రుసుము తీసుకుంటాయి. దానికి తోడు విమాన ఖర్చు, బీమా. 72 గంటల పర్మాకల్చర్ డిజైన్ కోర్సుకు వేరే ఫీజు. మధ్యతరగతి తల్లిదండ్రులు అప్పుచేసి ఇచ్చిన డబ్బుతో వెళ్లి, తీరా అక్కడ బ్యానర్ ముందు ఫొటోలు దిగడంతోనే సరిపెట్టాల్సి వస్తే అది దుఃఖమే. అందుకే వెళ్లేముందు ఆ సంస్థను నేరుగా అడగవలసినవి ఉన్నాయి. నేను రాకముందు ఈ తోట ఎవరు చూశారు? నేను వెళ్లాక ఎవరు చూస్తారు? బడి సెలవుల్లో నీళ్లెవరు పోస్తారు? ఈ మూడింటికి మనుషుల పేర్లతో జవాబు చెప్పగలిగితే ఆ ప్రాజెక్టు నమ్మదగింది. చెప్పలేకపోతే ఆ డబ్బు దాచుకోవడం మేలు.

వీసా విషయంలో కూడా తెలుగు పిల్లలు మోసపోకూడదు. జీతం లేదు కదా, పర్యాటక వీసా మీద వెళ్లి తోటలో పనిచేస్తే తప్పేముంది అని కొందరు అనుకుంటారు. భోజనం, వసతి ఇచ్చి పని చేయించుకున్నా చాలా దేశాల్లో అది ఉద్యోగం కిందికే వస్తుంది. పట్టుబడితే తిప్పి పంపిస్తారు, ఆ మచ్చ తర్వాతి ప్రతి వీసాకూ అడ్డుపడుతుంది. ఆస్ట్రేలియా 2024 నుంచి 18-30 ఏళ్ల భారతీయులకు ఏటా 1,000 మందికి లాటరీ పద్ధతిలో వర్క్ అండ్ హాలిడే వీసా ఇస్తోంది. బ్రిటన్‌కు యంగ్ ప్రొఫెషనల్స్ పథకం ఉంది. సరైన దారులు ఉన్నప్పుడు అడ్డదారి ఎందుకు?

వెళ్లేవాళ్లు ఖాళీ చేతులతోనూ వెళ్లకూడదు. పర్మాకల్చర్ తరగతుల్లో నీటిని నెమ్మదింపజేసి, పరిచి, ఇంకించాలని మొదటే చెబుతారు. కాకతీయులు పాఖాల, రామప్ప, లక్నవరం కట్టి, ఎగువ చెరువు అలుగు దిగువ చెరువుకు అందేలా గొలుసుకట్టుగా అమర్చి, ఒక రాజ్యాన్నే అలా తీర్చిదిద్దారు. ఆ గొలుసు తెగి, నాలాల మీద ఇళ్లు లేచాకే కదా 2020 ఆగస్టులో వరంగల్ కాలనీలు నడుములోతు నీళ్లలో మునిగాయి. ఈ రెండు సంగతులూ కలిపి చెప్పగలిగే వరంగల్ విద్యార్థి మలావీ బడిలోనైనా, తిమోర్ బడిలోనైనా వినదగిన మనిషి అవుతాడు. జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలో ఎనబావి అనే చిన్న పల్లె 2006లోనే రసాయనాలు పూర్తిగా మానేసింది. మన పక్కనే ఉన్న ఆ రైతులతో ఒక పంటకాలం గడిపి వెళ్తే, విదేశంలో అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

కాశిబుగ్గ బడిలో తోట ఎంత చేయగలదో లెక్క కూడా చూసుకోవాలి, లేకపోతే అతిగా ఆశపడి మధ్యలో వదిలేస్తాం. మధ్యాహ్న భోజన పథకమైన పీఎం పోషణ్ నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకు 50 గ్రాముల కూరగాయలు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 75 గ్రాములు పెట్టాలి. వందమంది ఉన్న ప్రాథమిక బడికి రోజుకు 5 కిలోలు. విద్యాహక్కు చట్టం చెప్పే 200 పనిదినాలకు 1,000 కిలోలు. పట్నపు బడి ఆవరణలో ఇంత పండదు. కాబట్టి మధ్యాహ్న భోజనం ఖర్చు తోట తీరుస్తుందని ఎవరూ మాట ఇవ్వకూడదు. కానీ కరివేపాకు, మునగాకు, పుంటికూర, తోటకూర, బచ్చలి, గంగవాయిలి కూర బడిలోనే దొరుకుతాయి. పలుచటి పప్పులో రోజూ ఒక గుప్పెడు పచ్చటి ఆకు పడితే రక్తహీనత ఎక్కువగా ఉన్న మన పిల్లలకు అది చిన్న సంగతి కాదు. నీటి లెక్క ఇంకా ఆశాజనకం. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడిందనుకున్నా, 200 చదరపు మీటర్ల బడి స్లాబు మీద 1,80,000 లీటర్లు పడతాయి. అందులో అయిదో వంతు పోయినా 1,44,000 లీటర్లు. ఇప్పుడు అదంతా పైపుల గుండా దిగి వీధిలోకి పోతోంది.

చిక్కంతా ఎండాకాలంతోనే. మన బడులు ఏప్రిల్ చివరి వారంలో మూతపడి జూన్ 12న తెరుచుకుంటాయి. ఏడు వారాలు. వరంగల్‌లో 44 డిగ్రీలు కాసేదీ అప్పుడే. చాలా ప్రాథమిక బడులకు కాపలా మనిషి కూడా లేడు, గేటుకు తాళం పడితే లోపల నల్లా విప్పేవాడు లేడు. 2019లో కేంద్రం బడుల్లో పోషక తోటలు పెంచాలని మార్గదర్శకాలు ఇచ్చింది. హరితహారంలో మొక్కలు వచ్చాయి. బడుల్లో పర్యావరణ క్లబ్బులు నడిపే నేషనల్ గ్రీన్ కోర్ 2001 నుంచీ ఉంది. విత్తనాలూ, సర్క్యులర్లూ అందాయి. ఆ ఏడు వారాలకు ఎవరి పేరూ ఏ కాగితం మీదా లేదు. టమాట, వంకాయ వేసి మే నెలలో కాపాడబోవడంకన్నా, ఎండకు ఓర్చే మునగ, కరివేపాకు, నిమ్మ, సీతాఫలం, ఉసిరి చుట్టూ తోటను కట్టుకుని, మొదళ్లకు ఎండుటాకుల మల్చింగ్ మందంగా వేయడం తెలివైన పని. ఆంధ్రలో ప్రకృతి సాగు రైతులు వానలకు ముందే నవధాన్యాల గింజలకు మట్టి, బూడిద పట్టించి పొడినేలలో చల్లి, పైన గడ్డి కప్పుతున్నారు. ఆ పద్ధతి బడికి సరిగ్గా సరిపోతుంది. ఆఖరి పనిదినాన పిల్లలే చల్లి ఇంటికి వెళ్లవచ్చు. అయినా వారానికి రెండుసార్లు గేటు తీసి చూసే మనిషి లేకుండా ఇవేవీ నిలవవు.

ఇంకో మాట దాటవేయకుండా చెప్పుకోవాలి. తోటపని అంటే మన బడుల్లో కొందరు తల్లిదండ్రులు ముఖం చిట్లిస్తారు. మట్టి పిసకడానికా బడికి పంపింది అని అడుగుతారు. ఆ కోపాన్ని అజ్ఞానమని కొట్టేయడం అన్యాయం. బడి ఊడవడం, నీళ్లు మోయడం ఒకప్పుడు ఏ కులం పిల్లలకు అప్పగించేవారో ఊళ్లలో అందరికీ తెలుసు. చదువుతోనే ఆ పని తప్పించుకోవచ్చని వాళ్లు పిల్లల్ని బడికి పంపారు. ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడిలో ఐఐటీ ఫౌండేషన్, సర్కారు బడిలో పలుగు, పార అని పంచితే ఆ గాయం మళ్లీ రేగుతుంది. అందుకని కొన్ని నియమాలు కాగితం మీద ఉండాలి. తోటపని ఎప్పుడూ శిక్షగా ఇవ్వకూడదు. హెడ్‌మాస్టరు, టీచర్లు, బయటినుంచి వచ్చిన ఇంటర్న్, పిల్లలు అందరూ వంతుల ప్రకారం చేయాలి. తవ్విన గుంత లెక్కల పుస్తకంలోకీ, మొలక సైన్స్ పుస్తకంలోకీ, గునుగు, తంగేడు పూల ముచ్చట తెలుగు వాచకంలోకీ రావాలి. పని చదువుతో కలవని రోజు అది వెట్టి అవుతుంది. పచ్చసాలెలో పేద దళిత కుటుంబాలు తోటను తమదిగా భావించాయంటే, తల్లులు అప్పటికే సంఘంగా నిలబడి, తమ సాగును తాము గౌరవించుకోవడం నేర్చుకున్నారు కాబట్టే. విదేశాల్లో చదివి వచ్చే ఇంటర్న్‌కు ఈ చరిత్ర తెలియకపోతే, ఎంత మంచి డిజైన్ గీసినా బడి గేటు దగ్గరే ఆగిపోతాడు.

కొత్త డబ్బు పెద్దగా అడగకుండానే వరంగల్‌లో దీన్ని మొదలుపెట్టవచ్చు. వ్యవసాయ డిగ్రీ నాలుగో ఏడాదిలో విద్యార్థులు రావెప్ పేరుతో ఊళ్లలో ఉండి పనిచేయాలి. రెండేళ్ల బీఈడీలో మొత్తం 20 వారాలు బడుల్లో గడపాలి. కొత్త విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది సంచి లేని రోజులు ఉండాలంది. ఇవన్నీ ఇప్పటికే ఉన్నవి, అయితే దేని దారి దానిది. వరంగల్ వ్యవసాయ కళాశాల, బీఈడీ కళాశాలలు, జిల్లా విద్యాశాఖ కలిసి కూర్చుని కాశిబుగ్గ చుట్టుపక్కల బడులకు ఒక వరుస క్రమం వేసుకుంటే, ఒక బృందం వెళ్లేనాటికి మరో బృందం వస్తుంది. వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకు వారం రోజులు కలిసి పనిచేసి అప్పజెప్పాలి. ఈ వరుసకు మధ్య స్తంభంగా, ఒక్కో స్కూల్ కాంప్లెక్స్‌కు ఒక తోట టీచరమ్మను గౌరవ వేతనంతో పెట్టాలి. డిగ్రీ అడగనక్కరలేదు. ఊళ్లో సాగు చేసి, పిల్లల చదువు కోసం కాశిబుగ్గకు వచ్చి అద్దె ఇంట్లో ఉంటున్న తల్లుల్లో ఆ పని తెలిసినవాళ్లు ఎందరో ఉన్నారు. మధ్యాహ్న భోజనం వండే అక్కల మీదే ఈ భారం కూడా వేద్దామనే ఆలోచన మాత్రం రానీయకూడదు. వాళ్లకు ఇచ్చేదే అరకొర, వాళ్ల పొద్దంతా పొయ్యి దగ్గరే గడుస్తుంది. ఏప్రిల్, మే నెలల వేతనం కోతపెట్టకుండా ఇవ్వాలి. తోట ఆ రెండు నెలల మీదే ఆధారపడి ఉంది.

విదేశీ ఇంటర్న్‌షిప్ ఈ వరుసలో రెండో మెట్టుగా ఉండాలి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం కాశిబుగ్గ బడితో గడిపిన విద్యార్థికి యూనివర్సిటీ సిఫారసు లేఖ ఇవ్వాలి, వీలైతే ప్రయాణ ఖర్చులో కొంత భరించాలి. సర్కారు బడిలో చదివి వచ్చిన పిల్లలకు ఆ సాయం ముందు అందాలి, లేకుంటే డబ్బున్నవాళ్లకే ఈ అవకాశం మిగులుతుంది. తిరిగి వచ్చాక అతను రాసే నివేదిక ఇంగ్లిష్‌లో కాలేజీకి ఒక ప్రతి, తెలుగులో బడికి ఒక ప్రతి ఉండాలి. అక్కడి బడిలో సెలవుల్లో నీళ్లు ఎవరు పోశారు, వాళ్లకు ఏమిచ్చారు, ఆ డబ్బు ఏ పద్దు నుంచి వచ్చింది, ఏ చెట్టు ఎండను తట్టుకుంది, ఏది చచ్చిపోయింది, తల్లిదండ్రులు మొదట ఏమన్నారు, తర్వాత ఎందుకు ఒప్పుకున్నారు అన్న వివరాలు ఆ తెలుగు ప్రతిలో ఉండాలి. దాన్ని తోట టీచరమ్మకు చదివి వినిపించి, ఆమె అడిగే ప్రశ్నలకు జవాబులు కూడా అందులోనే రాసి, ఆ తర్వాత బడి బీరువాలో పెట్టాలి.